నూరు లెక్కపెట్టే గది

మదనపల్లె నుంచి పుంగనూరుకు పోయే రోడ్డులో, ఊరు వదిలి కొంచెం దూరం వచ్చినాక కుడిచేతి పక్క ఒక రాతి బంగళా ఉంది. దాని ఎదురుగానే బస్టాపు. పగలు అక్కడ జనం తోసుకుని ఎక్కుతారు. చీకటి పడితే మాత్రం ఒక్కరు కూడా నిలబడరు. చేతుల్లో సంచులున్నా, చంకలో పిల్లలున్నా అరకిలోమీటరు నడిచిపోయి ఇంకో స్టాపులో ఎక్కుతారు గానీ... ఆ బంగళా ముందర నిలబడరు.

నేను ఆ రూట్లో పదకొండేళ్ళుగా కండక్టర్‌ని. పొద్దున మదనపల్లెలో బయలుదేరితే పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం. సాయంత్రం అదే దారిలో వెనక్కి. మా డ్రైవర్ రామప్ప గుండె గలవాడు. పలమనేరు దాటినాక అడవిలో ఏనుగులు అడ్డం వస్తే, లైట్లు ఆర్పేసి అవి పోయేదాకా కిమ్మనకుండా కూర్చునే మనిషి. అట్లాంటివాడు కూడా ఆ బంగళా వచ్చేసరికి మాట ఆపేస్తాడు. తల పక్కకు తిప్పడు.

ఆ ఇంటికి చెడ్డపేరు ఇప్పటిది కాదు. వెనకటి కాలంలో మదనపల్లె గాలి మంచిదని ఎక్కడెక్కడి నుంచో దగ్గు రోగులు వచ్చి ఇళ్ళు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళు. ఆ బంగళాలో ఒక అరవ ఆడమనిషి ఉండేదంట. "నూరు రోజులు ఓర్చుకో, తగ్గిపోతుంది" అని ఎవరో డాక్టరు చెప్పినాడంట. ఆమె ప్రతి రాత్రీ కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టుకునేదంట. తొంభై తొమ్మిదో రాత్రి... ప్రాణం పోయిందంట.

ఆ మిగిలిన ఒక్కటి కోసం ఆమె ఇంకా లెక్కపెడతానే ఉందని అందరూ అనేవాళ్ళు. ఆ లెక్క చెవిన పడితే నూరు అయ్యేలోపల బయటపడాలి. నూరు విన్నవాడు మళ్ళీ తెల్లారడం చూడడు... అని.

ఇప్పుడు ఆ బంగళా ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళది. రక్తం, మూత్రం, కఫం పరీక్షలు నేర్పించే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. క్లాసులూ, ఆడపిల్లల హాస్టలూ వెనక కొత్త బిల్డింగులో. బంగళాలో ప్రాక్టికల్ గది ఒక్కటే. మైక్రోస్కోపులు, రంగు సీసాలు, గోడకు ఒక సింకు.

రెండేళ్ళ కిందట, ఆ గదిలో ఏదో మొదలైంది.

పొద్దున తలుపు తీస్తే సింకులో ఎర్రటి చారలు కనిపించేవంట. రాత్రిపూట హాస్టలు కిటికీలోంచి చూసిన పిల్లలకు, బంగళాలో చిన్న నీలం మంట ఒకటి గాలిలో తేలినట్టు కనిపించేదంట. వాచ్‌మన్ ఒకరోజు కిటికీకి చెవి పెట్టినాడు. లోపల ఆడగొంతు. గుసగుసగా... "ఇరవై ఒకటి... ఇరవై రెండు..." తెల్లారేసరికి గేటు తాళాలు గేటుకే తగిలించి, జీతం కూడా అడక్కుండా ఊరికి పోయినాడు.

ఆ మంట నేను కూడా చూసినాను. మా బస్సు ఒకరోజు పంచరై ఆలస్యమైంది. పన్నెండు దాటినాక ఆ బంగళా ముందర పోతా ఉంటే, కిటికీలో నీలంగా వణుకుతా ఉంది. రామప్పను పిలుద్దామని నోరు తెరిచి, తల దించుకుని చిల్లర లెక్కపెట్టుకున్నాను.

లోపల ఏముందో నాకు చెప్పింది మునీశ్వరి.

కురబలకోట పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే ఓబులప్ప కూతురు ఆమె. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. అదే కాలేజీలో చదివి, ఇప్పుడు కుప్పంలో ల్యాబులో పని చేస్తుంది. వారానికి ఒకసారి మా బస్సులోనే ఇంటికి పోతుంది. పలమనేరులో జనం దిగిపోయినాక, ముందు సీట్లో కూర్చుని ఒక రాత్రి చెప్పింది. చెబుతా ఉన్నంతసేపూ అరచేతులు ఒళ్ళో పెట్టుకుని రుద్దుకుంటానే ఉంది.

*

అప్పుడు మునీశ్వరి చదువు ఆఖరి సంవత్సరం. మరుసటి రోజు ఫైనల్ ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి పరీక్ష చేసేవాళ్ళు వస్తారు. రికార్డు పుస్తకం చేతిలో లేకపోతే లోపలికే రానివ్వరు. రాత్రి పదకొండున్నరకు, పక్క మంచం మీది హరిత సంచి సర్దుకుంటా అడిగింది:

"మునీ... నీ రికార్డు యాడ?"

మునీశ్వరి సంచి బోర్లించి వెతికింది. సాయంత్రం ప్రాక్టికల్ గదిలో, మూడో బల్ల మీద వదిలేసి వచ్చింది.

"పొద్దున్నే పోయి తెచ్చుకో."

"పొద్దున ఏడింటికే గది సీలు వేస్తామని సార్ చెప్పినాడు గదా. ఇంగ లోపలికి ఎవర్నీ పోనీరంట."

హరిత మంచం మీద కూర్చుండిపోయింది. "నేను మాత్రం రాను తల్లీ... నీకు దండం పెడతా. ఆడికి మాత్రం రాను."

మునీశ్వరి చిన్నప్పుడు నాయనతో కలిసి పొలాల్లో గొర్రెల మందకు కాపలా పడుకున్న పిల్ల. చీకటి ఆమెకు కొత్త కాదు. నక్క అరుపు ఏదో, మనిషి అరుపు ఏదో తెలుసు. ఫోను చేతిలో పట్టుకుని, చెప్పులు విడిచి, వెనక మెట్ల మీదుగా దిగింది.

అమావాస్య. ఆవరణలో గాలి లేదు. బంగళా దగ్గరికి పోయే కొద్దీ ఏదో వాసన... ఆసుపత్రిలో నేల తుడిచిన వాసన, దాంట్లో కొంచెం కాలిన వాసన.

తాళంచెవి తీసుకురాలేదని అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి తిరగబోయింది.

తాళం... గొళ్ళేనికి వేలాడతా ఉంది. తీసి ఉంది.

ఎవరో మరిచిపోయి ఉంటారనుకుంది. తలుపు తోసింది. లోపల ముందు ఒక చిన్న వరండా, దాని తర్వాత ప్రాక్టికల్ గది. వరండాలో సగం దూరం పోయింది. ఫోను వెలుతురు తెరిచి ఉన్న గది తలుపులోంచి సింకు మీద పడింది.

ఎర్రగా... ఇంకా కారుతా ఉంది.

ఆరిపోయిన మరక కాదు. అప్పుడే ఎవరో చేతులు కడిగినట్టు, గోడ నుంచి జారి జారి కన్నంలోకి పోతా ఉంది.

ఫోను ఆర్పేసింది. ఎందుకు ఆర్పిందో తనకే తెలీదంట. చీకట్లో గదిలోపల నీలం మంట కనిపించింది. వేలెడంత. వణకకుండా నిలబడి ఉంది. దాని వెనక...

"ముప్పై నాలుగు... ముప్పై ఐదు..."

అందరూ చెప్పుకునే ఆ లెక్కే.

"ముప్పై ఆరు..."

ఆ గొంతులో తొందర లేదు. ఒక్కో అంకెకూ మధ్య ఒక ఊపిరి. పరిగెత్తు అని మనసు చెబుతా ఉంది. గోడకు వీపు ఆనించి అట్లాగే నిలబడిపోయింది. అరవై వచ్చింది. డెబ్బై వచ్చింది. ఒకచోట లెక్క ఆగిపోయింది. ఏదో గీసిన చప్పుడు, గాజు మీద గాజు రాసినట్టు. మళ్ళీ మొదలైంది.

"తొంభై ఏడు... తొంభై ఎనిమిది..."

మునీశ్వరి కళ్ళు మూసుకుంది. నాయన ముఖం కనిపించిందంట. పొద్దున ఆయన పరీక్షకని బస్సెక్కి వస్తాడు, బిడ్డ లేదని తెలిస్తే ఎట్లా నిలబడతాడో అనుకుందంట.

"తొంభై తొమ్మిది..."

"...నూరు."

ఏమీ కాలేదు.

గాలి కదల్లేదు. తలుపు పడలేదు. చీకట్లో ఒక పొడుగాటి నిట్టూర్పు... తర్వాత ఏడుపులాంటి నవ్వు.

"లేదు... ఈళ్ళకు లేదు సామీ..."

ఆ మాటకు మునీశ్వరికి ఒంట్లోకి ప్రాణం వచ్చింది. దెయ్యం 'సామీ' అనదు కదా అనుకుందంట. ఫోను వెలిగించి గదిలోకి తిప్పింది.

మైక్రోస్కోపు కింది చిన్న బల్బు వెలుతురు బయటికి పోకుండా చుట్టూ గుడ్డ కప్పి, దాని ముందర ఒక ఆడమనిషి. ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుని ఉంది. మణికట్టు దాకా రెండు చేతులూ ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా..." అంది ఆ మనిషి, కొంగు కిందికి లాగి. "లైటు ఆర్పు తల్లీ. బయటికి కనిపిస్తుంది."

పూలమ్మ.

కాలేజీలో కసువు ఊడ్చే పూలమ్మ. యాభై ఏళ్ళు ఉంటాయి. అప్పటికి సంవత్సరం కిందట పనిలో చేరింది. ఊడ్చే గదుల తాళంచెవులు ఆమె దగ్గరే ఉంటాయి. ఎవరితోనూ మాట్లాడదు. క్లాసులు జరుగుతా ఉంటే వెనక బల్లలు తుడుస్తా నిలబడుతుంది. ఒకే బల్లను అరగంట తుడుస్తుంది. పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

"నువ్వా?" అంది మునీశ్వరి. "నువ్వేం చేస్తాండావు ఈడ? ఆ చేతులకు... రక్తం ఏంది?"

"రక్తం కాదమ్మా. ఆ సీసాలో ఎర్ర మందు."

అప్పుడు చూసింది. బల్ల మీద స్పిరిట్ దీపం. దాని పక్కన రంగు సీసాలు వరసగా... ఎరుపు, ఆసిడ్, నీలం. క్లాసులో సార్ పెట్టిన వరసలోనే.

కఫంలో టీబీ పురుగు ఉందో లేదో చూసే పరీక్ష అది. గాజు స్లైడు మీద కఫం పూసి, ఎర్ర రంగు పోసి, కింద దీపంతో వేడి చేస్తారు. ఆసిడ్‌తో కడిగితే ఎరుపంతా పోతుంది, ఆ పురుగుకు పట్టిన ఎరుపు తప్ప. పైన నీలం వేస్తే, నీలంలో ఎర్ర పుల్లలు విరిగి పడినట్టు కనిపిస్తాయి. స్లైడు కొంచెం కొంచెం జరుపుతా నూరు చోట్ల చూడాలి. "నూరు చూడకుండా లేదు అని రాసినారంటే, ఒక మనిషిని మీ చేత్తో చంపినట్టే" అని శివశంకర్ సార్ క్లాసులో గొంతు చించుకుంటాడు.

ఆ మాట ముందు బల్లల్లో పిల్లలకు ఎంత ఎక్కిందో గానీ... వెనక గుడ్డ పట్టుకుని నిలబడిన మనిషికి ఎక్కింది.

"ఎవరివి ఇవి?" అంది మునీశ్వరి.

పూలమ్మ దీపం మూత పెట్టి ఆర్పింది. చీకట్లోనే చెప్పింది.

*

కుప్పం అవతల, తమిళనాడుకు ఆనుకుని పూలమ్మ వాళ్ళ పల్లె. ముప్పై ఇళ్ళు. మగవాళ్ళు రాళ్ళ క్వారీల్లో పనికి పోతారు. అప్పటికి మూడేళ్ళ కిందట ముందు పూలమ్మ మొగుడు దగ్గుతా మంచం పట్టినాడు. ఆర్నెల్లకు పోయినాడు. తర్వాత పక్కింటి మనిషి. ఆ తర్వాత ఆ పక్కింటి మనిషి. ముగ్గురూ ఒకే మాదిరి... ఎండిపోయి, రేత్రిళ్ళు చెమటలు పట్టి, రక్తం కక్కి.

ఆ పల్లెలో దేవరాజు అని గాలి తీసేవాడు ఉన్నాడు. దెయ్యం సోకిందంటే విభూతి అరచేతిలో పోసుకుని, మంత్రం చెప్పి, రోగి ముఖం మీద ఊదుతాడు. చుట్టుపక్కల పది పల్లెల్లో ఆయన మాటే మాట. మూడో చావు జరిగిన రోజు, పీనుగు ఇంకా వాకిట్లో ఉండగానే దేవరాజు పూనకం వచ్చి ఊగినాడు. ఊగి ఊగి, వేలెత్తి పూలమ్మను చూపించినాడు.

"మొగుణ్ణి తినింది. ఇప్పుడు వీధిని తింటాండాది."

ఆ రాత్రే తరిమేసినారు. జుట్టు పట్టుకుని లాగినవాళ్ళలో, ఆమె చేత్తో పురుడు పోసిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

"నీకు కోపం రాలేదా?" అంది మునీశ్వరి.

పూలమ్మ చీకట్లో చేతులు కొంగుకు తుడుచుకుంది.

"భయమేసిందమ్మా. వాళ్ళను సూసి కాదు. నన్ను సూసుకుని... ఒగరు సెప్తే అబద్ధం అనుకుంటాం. ఊరంతా సెప్తే? ముగ్గురు మనుషులు మన కండ్ల ముందర సస్తే? నిజంగానే నాలో ఏదో ఉండాదేమో... నాకు తెలీకుండానే రేత్రిళ్ళు లేసి పోతాండానేమో... రెండు నెలలు నేను నిద్రపోలా. నిద్రపోతే ఎవర్ని సంపుతానో అని. కాళ్ళు మంచానికి కట్టుకుని పడుకున్యా."

మునీశ్వరి చీకట్లో ఆమె చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఈడ పనికి చేరినాక, సార్ పాఠం సెప్పేది విన్యా. రేత్రి చెమటలు, ఎండిపోయేది, రక్తం... అంతా మా ఇంట్లో జరిగిందే సెప్తాండాడు. దానికి పేరుండాదంట. పురుగంట. కంటికి కనపడతాదంట. అయితే నేను సూడాల గదా? నేనో, పురుగో... సూడాల గదమ్మా?"

ముందు తన కఫమే చూసుకుందంట. ఏమీ కనపడలేదు. కానీ చూడడం తెలియకనే కనపడలేదేమో అన్న అనుమానం. ఊళ్ళో ఆమెతో మాట్లాడేది ఒక్క దీప మాత్రమే. చెల్లెలి కూతురు. ఇంకా దగ్గుతా ఉన్నవాళ్ళ దగ్గర, మందు తెప్పిస్తానని చెప్పి, చిన్న సీసాల్లో కఫం పట్టి పంపించేది. కుప్పంలో మదనపల్లె బస్సు కండక్టర్ చేతికి ఇస్తే, ఇక్కడ పూలమ్మ తీసుకునేది.

ఈ మాట దగ్గర మునీశ్వరి ఆగి నా వైపు చూసింది.

నా కాళ్ళ కింద బస్సు జారిపోయినట్టు అయింది. గోనెసంచిలో గట్టిగా చుట్టిన డబ్బా. "ఊరగాయన్నా, ఒలికిపోతాది, జాగ్రత్త" అని ఒక చంటిబిడ్డ తల్లి ఇచ్చేది. నాలుగు సార్లు నా సీటు కింద పెట్టుకుని తెచ్చినాను. ఒకసారి దాని మీద అన్నం డబ్బా పెట్టుకుని తిన్నాను కూడా.

"తర్వాత?" అన్నాను.

*

"నువ్వు సదువుకున్నదానివి," అందంట పూలమ్మ. "ఒగసారి సూసి సెప్పు తల్లీ. ఏడు ఉండాయి. సూసినాక, సార్‌కి పట్టిస్తావో పోలీసులకు పట్టిస్తావో... నీ ఇష్టం."

పొద్దున పరీక్ష. ఈ టైములో ఈ గదిలో ఎవరైనా చూస్తే రెండేళ్ళ చదువు మట్టిలో కలిసిపోతుంది. మునీశ్వరి రికార్డు పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకుంది. తలుపు దాకా పోయింది.

తిరిగి వచ్చి, మాస్కు కట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

పూలమ్మకు అక్షరాలు రావు. అందుకని స్లైడు అంచున గీతలు గీసి ఉంది. ఒకటో మనిషికి ఒక గీత, రెండో మనిషికి రెండు. మునీశ్వరి ఎవరి పేరూ అడగలేదు. కంటికి మైక్రోస్కోపు ఆనించి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పక్కన నిలబడి పూలమ్మ కూడా పెదాలు కదిలిస్తా ఉంది.

ఒక గీత... నూరు చోట్లా ఏమీ లేదు. అది పూలమ్మది. మునీశ్వరి తల ఎత్తి చెప్పింది. "నీకేం లేదు." పూలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండు గీతలు... పదో చోటుకే కనిపించింది. నీలంలో సన్నగా, వంకరగా, ఎర్రటి పుల్ల. పక్కనే ఇంకొకటి.

మూడు గీతలు... ఉంది.

నాలుగు... లేదు.

ఐదు... ఉంది.

ఆరు... ఇందాక పూలమ్మ నూరు లెక్కపెట్టి లేదన్నది ఇదే. మునీశ్వరి మళ్ళీ నూరు చూసింది. లేదు. ఆమె సరిగ్గానే చూసింది.

అప్పటికి రాత్రి రెండు దాటింది. ఏడు గీతల స్లైడు పెట్టింది. కన్ను ఆనించింది. వెంటనే వెనక్కి లాగేసుకుంది.

"ఏమ్మా?"

మళ్ళీ చూసింది. లెక్కపెట్టే పని లేదు. నీలం కనపడితే కదా. ఎటు జరిపినా ఎరుపే. కట్టెల మోపు విప్పి కుప్పగా పోసినట్టు, ఒకదాని మీద ఒకటి, గుంపులు గుంపులుగా... క్లాసులో సార్ చూపించిన స్లైడులో కూడా ఇన్ని లేవు.

"ఇది ఎవరిది?" అంది.

పూలమ్మ స్లైడు అంచున గీతలు వేలితో మళ్ళీ లెక్కపెట్టింది.

"పూలమ్మక్కా... ఈ ఏడోది ఎవరిది?"

"దేవరాజుది."

మునీశ్వరి మైక్రోస్కోపు నుంచి స్టూలు వెనక్కి జరుపుకుంది.

"ఆయనకు దగ్గుందా?"

"శానా ఏండ్లుగా ఉండాది. అందరి దెయ్యాలూ ఆయన మీదికి తీసుకుంటాడు గదా, అందుకే ఆ దగ్గు అంటాడు. దీప వాళ్ళ ఇంటికి వచ్చినప్పుడు చిప్పలో ఊసినాడు. అది కూడా పంపించేసింది పిచ్చిది."

"ఆయన ఊదేటప్పుడు... ఎంత దగ్గర నుంచి ఊదుతాడు?"

పూలమ్మ తన అరచేతిని మునీశ్వరి ముఖానికి దగ్గరగా తెచ్చింది. ఇంకా దగ్గరగా. నాలుగు వేళ్ళ సందు మిగిలింది. అక్కడ ఆపింది.

ఆ చెయ్యి అట్లాగే గాలిలో నిలిచిపోయింది.

"నా మొగునికి ఒళ్ళు నొప్పులంటే ముందు ఊదింది ఆయనే..." అంది. "ఆనెక పక్కింటాయనకు. ఆనెక ఆ పక్కింటికి... వరసగా..."

ఉన్నట్టుండి మునీశ్వరి భుజం పట్టుకుంది. ఆ ఎర్రటి వేళ్ళు ఆమె చున్నీలో దిగబడినాయి.

"ఈ పొద్దు అమాస గదమ్మా?"

"అవును."

"దీప బిడ్డకు రెండు నెలలు. రేత్రిళ్ళు ఏడస్తాండాదని... ఈ పొద్దు అమాస రేత్రికి దేవరాజును పిలిసినారు. ఊదడానికి."

ఫోను చేసినారు. మోగింది. మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసినారు. ఐదోసారికి దీప ఎత్తింది. గుసగుసగా మాట్లాడింది.

"పెద్దమ్మా, ఈ టైములో యాల చేస్తాండావు? ఆయన ఈడనే ఉండాడు... పూజలో..."

"బిడ్డ యాడుండాది?"

"ఆయన ముందర పడుకోబెట్టినాము. పెద్దమ్మా, నువ్వు ఫోన్ చేసినావని తెలిస్తే నన్ను సంపేస్తారు..."

"ఎత్తుకో! బిడ్డను ఎత్తుకుని బయటికి పో! దీపా, నా మాట ఇను..."

అవతల నుంచి దగ్గు వినిపించింది. మగ దగ్గు. లోపల నుంచి తవ్వుకుని వచ్చినట్టు, ఎంతసేపటికీ ఆగలేదు. అది ఆగినాక, గొంతు సవరించుకున్న చప్పుడు. మంత్రం.

తర్వాత...

ఫూ...

పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చిన ఏడుపు. ఫోను కట్ అయింది.

*

తెల్లారి ఆరింటికి మునీశ్వరి శివశంకర్ సార్ ఇంటి తలుపు కొట్టింది. ఆయన ముందు తిట్టినాడు. గది తాళం గురించి, రంగు సీసాల గురించి తిట్టినాడు. వచ్చి ఏడో స్లైడు చూసినాడు. తిట్టడం ఆపేసినాడు. స్టూలు మీద కూర్చుని, పూలమ్మను చూసి, "నూరూ లెక్కపెట్టినావా?" అని మాత్రం అడిగినాడంట. అక్కడి నుంచే టీబీ మందులిచ్చే గవర్నమెంటు ఆసుపత్రి వాళ్ళకు ఫోన్ చేసినాడు.

మునీశ్వరి పరీక్ష రాసింది. పాసైంది. మూడో రోజు ఆసుపత్రి వాళ్ళు ఆ పల్లెకు పోయినారు. తీసుకెళ్ళింది దీపే. రోగం ఉన్నవాళ్ళకు ఆర్నెల్లు మందులు మింగించినారు. రెండు, మూడు, ఐదు గీతల ముగ్గురూ బతికినారు. బిడ్డకు రోగం ముదరకుండా ముందే మందు పట్టినారు. ఇప్పుడు నడుస్తాడు. పూలమ్మను మాత్రం ఊరు వెనక్కి పిలవలేదు. తప్పైందని ఒక్కరూ అనలేదు. ఆమె కూడా పోలేదు. కాళ్ళు కట్టుకోకుండా నిద్రపోతున్నానని మునీశ్వరితో చెప్పిందంట, అంతే.

బంగళాలో మంట మళ్ళీ కనపడలేదు.

"మరి దేవరాజు?" అన్నాను.

మునీశ్వరి కిటికీ లోంచి బయటికి చూసింది.

"రెండు నెలలు మందు మింగినాడన్నా. దగ్గు తగ్గింది. ఒళ్ళు చేసినాడు. దెయ్యాలన్నీ దిగిపోయినాయి, ఇంగ మందు వద్దన్నాడు. సగంలో ఆపితే ఏమవుతాదో ఎంత చెప్పినా వినలా. చావని పురుగు మొండికేస్తాది. ఇంగ ఆ మందులకు లొంగదు. ఒకరోజు పొద్దున చూస్తే ఇంట్లో లేడు. సంచీ లేదు, విభూతి బుర్ర లేదు."

"యాడికి పోయినాడు?"

"కుప్పం నుంచి అటు నడిస్తే తమిళనాడు, ఇటు నడిస్తే కర్ణాటక. యాడని ఎతికేది?"

ఇది జరిగినాక చాలా నెలలు గడిచినాయి. పోయిన వారం కుప్పం నుంచి వస్తా ఉంటే, వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కన్నడం కలిసిన తెలుగులో మాట్లాడుకుంటా ఉన్నారు. బార్డరు అవతలి పల్లె. వాళ్ళ వీధిలో దెయ్యం తిరుగుతా ఉందంట. ఒక మనిషి ఎండిపోయి, రక్తం కక్కి చనిపోయినాడంట. ఇంకో ఇద్దరు మంచంలో ఉన్నారంట.

నేను టిక్కెట్లు కొట్టడం ఆపేసినాను. మునీశ్వరి ముందు సీట్లోంచి లేచింది. కమ్మీలు పట్టుకుంటా వాళ్ళ దగ్గరికి పోయింది.

"అక్కా..." అంది మెల్లగా. "మీ ఊరికి విభూతి ఊదే ఆయన ఎవరన్నా వచ్చినాడా?"

వాళ్ళలో ఒకామె ముఖం విప్పారింది.

"బందిదారమ్మా! వచ్చినాడు. ఏడెనిమిది నెలలాయె. దేవుడు పంపినట్టు వచ్చినాడు. రూపాయి తీసుకోడు. వాడవాడంతా ఊదినాడు. మా పాపకు కూడా ఊదినాడు..."

ఆమె ఒళ్ళో, కొంగు కింద నిద్రపోతా ఉన్న పిల్ల... దగ్గింది.